పోయేవాళ్ల కెటిల్

గుండిగ అడుగున మాడు పట్టుకుని ఎంత తోమినా వదలడం లేదు. మాసమ్మ కొబ్బరిపీచు పక్కన పడేసి, ఇనప పీచు అందుకుని, గుండిగలోకి భుజం దాకా చెయ్యి దూర్చి మళ్లీ మొదలుపెట్టింది. నిన్న ఈ ఇంట్లో ముసలమ్మగారి దినాలు. వంటవాళ్లు వండిపెట్టి వెళ్లారు, బంధువులు తిని వెళ్లారు. మాడిన గిన్నెలు మాత్రం వెనక నల్లా దగ్గర గుట్టగా పడి మాసమ్మ కోసం ఎదురుచూశాయి.

తెల్లవారుజామున పడ్డ వాన వెలిసింది. ఎదుటి హాస్టల్ మేడ మీద ఇద్దరమ్మాయిలు నోట్లో బ్రష్షు, చేతిలో పుస్తకంతో పచార్లు చేస్తున్నారు. అశోక్‌నగర్‌లో పళ్లు తోముకునేటప్పుడు కూడా ఉద్యోగ పరీక్షల చదువు మానరు. మాసమ్మ చెవులు మాత్రం పై అంతస్తు మీదే ఉన్నాయి. అక్కడ ఇనప పెట్టె ఈడుస్తున్న చప్పుడు వినిపించినప్పుడల్లా ఆమె చెయ్యి ఆగిపోతోంది.

ఇవాళ పైవాళ్లు ఇల్లు ఖాళీ చేస్తున్నారు. మధ్యాహ్నం ఆటో వస్తుంది. ఆలోపు ఇంటామె నళినితో ఒక మాట చెప్పాలి. ఆమె అత్త, ఆ ముసలమ్మగారు, పోయిన నాటి నుంచీ ఆ మాట మాసమ్మ నోట్లోనే నానుతోంది. చెబితే పైవాళ్లు ఉండిపోతారేమోనని ఆశ. చెబితే తన పని ఊడుతుందేమోనని భయం.

మాసమ్మకు యాభై దాటాయి. బక్కపలచని మనిషి, కుడి భుజం కొంచెం కిందికి జారి ఉంటుంది. సబ్బునీళ్లకు వేళ్ల సందులు ఏడాది పొడవునా నాని, పాసి తెల్లగా కనిపిస్తాయి. మొగుడు పోయాడు, ఉన్న ఒక్క కూతురూ పెళ్లయి భివండీ వెళ్లిపోయింది. గాంధీనగర్ వెనక బస్తీలో ఒక గది ఆమె ఇల్లు. నళిని ఈ ఇంటికి కోడలిగా వచ్చిన ఏడాది నుంచీ ఇక్కడే పని. వెనక తలుపు దగ్గర అంట్లు అందుకుంటుంది, కడిగి మళ్లీ అక్కడే బోర్లిస్తుంది. వంటింటి గడప ఏనాడూ దాటలేదు. దాటొద్దని ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. ఆమె టీ తాగే స్టీలు గ్లాసు ప్రహరీ గోడ మీద ఉంటుంది. ఎండకు ఎండుతుంది, వానకు తడుస్తుంది, మళ్లీ అందులోనే టీ పోస్తారు.

పైవాళ్లంటే ఒక తల్లీ, ఏడేళ్ల కూతురు రాగిణీ. తండ్రి సాగర్ జగిత్యాల దిక్కువాడు, సైన్యంలో నాయక్. నాగాలాండ్‌లో పనిచేసినప్పుడు అక్కడి అమ్మాయి అసెన్లాను ఇష్టపడి చేసుకున్నాడు. అత్తవారి గడప ఆమె ఇంతవరకూ తొక్కలేదు. వాళ్లు రమ్మననూ లేదు. ఈ ఏడు అతన్ని పెళ్లాం పిల్లల్ని తీసుకెళ్లే వీల్లేని మంచుకొండల మీదికి పంపారు. సికింద్రాబాద్‌లో సైనికుల క్వార్టరు అడిగితే ఖాళీ లేదన్నారు. అప్పుడతనికి అశోక్‌నగర్ గుర్తొచ్చింది. సైన్యంలో చేరకముందు ఇక్కడి హాస్టల్లో ఉండి ఉద్యోగ పరీక్షలకు చదివాడు. అన్ని జిల్లాలవాళ్లూ ఉంటారు, ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు అని భార్యకు భరోసా ఇచ్చాడు. హాస్టల్లో ఒక మంచానికి కిరాయి కట్టేవాణ్ని నిజంగానే ఎవరూ ఏమీ అడగరు. వంటిల్లున్న పోర్షన్‌కు కిరాయి కట్టేవాణ్ని అన్నీ అడుగుతారు. ఆ తేడా పాపం అతనికి తెలిసే అవకాశం రాలేదు.

సెలవులో వచ్చి ఇల్లు మాట్లాడిందీ అతనే. నళిని భర్త ఇంద్రసేన రిటైరై ఇంట్లోనే ఉంటున్నాడు. మిలిటరీ మనిషి, పైగా మన కరీంనగర్ వాడు అని సంబరంగా ఒప్పుకున్నాడు. అసెన్లా ముఖం మాత్రం సామాను దిగిన రోజే చూశాడు. దేశసేవ చేసేవాళ్లకు ఇల్లిచ్చానని అప్పటికే నలుగురితో చెప్పుకున్నాడు కనుక గుటకలు మింగి ఊరుకున్నాడు.

ఆ సామాను దిగిన రోజే అసెన్లా వెనక మెట్ల మీద కూర్చుని మాసమ్మను అడిగింది.

"అక్కా, ఒకటి అడుగుత, నిజం చెప్పాలె. ఈడ మా అసొంటి ముఖాలోళ్లు ఎవరన్న ఉన్నరా? బడిల నా బిడ్డను ఏమన్న అంటరా?"

మాసమ్మకు ముందు నవ్వొచ్చింది. మొగుడి దగ్గర నేర్చుకున్న తెలుగు కదా, అచ్చంగా జగిత్యాల యాస. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. ఆమె చూపు గోడ మీది గ్లాసు వైపు వెళ్లి వెనక్కి వచ్చింది.

"ఏమనరు బిడ్డా. మంచోళ్లు," అంది. కొత్తగా దిగిన మనిషికి మొదటి రోజే ఇంకేం చెబుతుంది?

నిజానికి ఎవరూ పెద్దగా ఏమీ అనలేదు. సందులో నేపాలామె అన్నారు. కూరగాయల బండివాడు ఏ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్యవని అడిగాడు. నారాయణగూడ బడిలో రాగిణికి ముక్కు మీద, కళ్ల మీద రెండు పేర్లు పెట్టారు. అవి వినీ వినీ ఆ పిల్ల అద్దం ముందు కళ్లు పెద్దవి చేసుకుని చూసుకోవడం నేర్చుకుంది. అసెన్లా మాసమ్మను పైకి పిలిచి కుర్చీ వేసేది. తను తాగే కప్పులాంటి కప్పులోనే టీ పోసేది. మొదటిసారి ఆ కుర్చీ అంచున కూర్చున్న మాసమ్మకు ఆ టీ రుచి తెలియలేదు. రెండోవారానికి వెనక్కి ఆనుకుని కూర్చోవడం అలవాటైంది.

కింద ఇంట్లో అసెన్లాను మనసారా మెచ్చుకున్నది ముసలమ్మగారు ఒక్కరే. ఆవిడకు చూపు పోయి చాలా కాలమైంది. మాటను బట్టే మనిషిని ఆనవాలు పట్టేది. రోజూ సాయంత్రం వరండాలో కూర్చుని, "కరీంనగర్ పిల్లను పిలువుండ్రి, జర మాట్లాడుత," అనేది. అసెన్లా వచ్చి ఆవిడ కాళ్లు ఒత్తుతూ కబుర్లు చెప్పేది. ఆ పిల్ల కరీంనగర్‌ది కాదని ఎవరూ ఆవిడకు చెప్పలేదు.

ఆవిడ నిద్రలోనే పోయింది. తెల్లారేసరికి హాల్లో చాప మీద పడుకోబెట్టారు. వరంగల్ నుంచి బంధువులు రావాలి. మాసమ్మ నల్లా దగ్గర నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంటుంటే, అసెన్లా జుట్టు ముడేసుకుని, చేతిలో పెద్ద అల్యూమినియం కెటిల్‌తో వెనక మెట్లు దిగింది. అంత ఏడ్చిన కళ్లతోనూ కాళ్లలో తడబాటు లేదు. పాలెక్కడున్నాయని కూడా అడగకుండా నేరుగా వంటింట్లోకి నడిచింది.

పీనుగ లేవందే ఆ ఇంట పొయ్యి వెలిగించకూడదు. అది చెప్పాలని మాసమ్మ గబగబా వెనక తలుపు దాకా వెళ్లింది. కాలు గడప మీదికి లేచింది. లేచి, అక్కడే ఆగి, మళ్లీ కిందికి దిగింది. "బిడ్డా, వద్దు," అని అననైతే అంది. ఆ గొంతు కన్నా గ్యాస్ లైటర్ చప్పుడే గట్టిగా వినిపించింది.

నీళ్లు మరిగాయి, చాయపత్తా పడింది. అప్పుడొచ్చింది ఇంద్రసేన చెల్లెలు ఉదయశ్రీ. ఆమె కేకకు హాల్లో ఏడుపులు ఆగిపోయాయి. పొయ్యి ఆర్పారు. టీ తీసుకెళ్లి మోరీలో పోశారు. గ్యాస్ బండ మీద పసుపునీళ్లు చల్లారు. తనేం చేసిందో తెలియక అసెన్లా చేతులు వేలాడేసుకుని మూలన నిలబడింది. కాసేపటికి చిక్కడపల్లి చౌరస్తా హోటల్ నుంచి ఫ్లాస్కుల్లో టీ వచ్చింది. అది ఎవరు కాచారో, వాళ్లదే కులమో, ఏం తింటారో ఎవరూ అడగలేదు. అందరూ తాగారు.

మూడో రోజున ఇంద్రసేన మెట్లెక్కి వెళ్లి మర్యాదగానే చెప్పాడు, చెల్లెలికి పోర్షన్ కావాలట, దినాలయ్యాక వేరే ఇల్లు చూసుకోండి అని. ఉదయశ్రీకి హైదర్‌గూడలో సొంత ఇల్లుంది. అసెన్లా ఇళ్ల వేట మొదలుపెట్టింది. ఫోన్లో ఆమె మాట వినగానే, "మనోళ్లే ఉన్నట్టున్నరు, రాండమ్మా," అనేవారు. తలుపు తీసి ముఖం చూశాక, "అయ్యో, ఇప్పుడే వేరేటోళ్లకు ఇచ్చినం," అనేవారు. గాంధీనగర్ చూసింది, చిక్కడపల్లి చూసింది, బషీర్‌బాగ్ దాకా నడిచింది. కొండల మీద ఉన్న మొగుడికి ఫోను కలిసిన రోజు మాత్రం, ఇల్లు బాగుంది, రాగిణి బాగుంది అని చెప్పింది. చివరికి పుట్టింటికి టికెట్లు తీసుకుంది.

గుండిగలన్నీ తోమి బోర్లించాక మాసమ్మ చేతులు చీరకు తుడుచుకుంది. వెనక తలుపు దగ్గర నిలబడింది. లోపల నళిని స్టీలు డబ్బాలు సర్దుతోంది.

"అమ్మా, ఒక్క మాట."

"ఏంది మాసమ్మా?"

"గా పిల్ల ఎరుక లేకనే పొయ్యి ముట్టించింది. నేను ఈడనే ఉన్న. ఆపాల్సినదాన్ని, ఆపలే. తప్పు నాది. వాళ్లను పంపకుండ్రి అమ్మా."

నళిని చేతిలో డబ్బా ఆగింది. ఆమె చెడ్డ మనిషి కాదు. పండక్కి చీర పెడుతుంది, జ్వరమొస్తే మాత్రలిస్తుంది.

"తెల్వక చేసిందని నాకు తెల్వదా? మా అత్తమ్మ కోసం మా ఆడబిడ్డ కన్న ఎక్కువ ఏడ్చింది. పొయ్యి సంగతి కాదు మాసమ్మా. వచ్చినోళ్లందరు ఒక్కటే అడుగుడు. వీళ్లెవరు, ఏం తింటరు, ఇంట్ల ఎట్ల పెట్టుకున్నరు? ఎంతమందికని చెప్పాలె? నాతోని కాదు ఈ పరేషాన్."

"నేను లోపటికొచ్చి ఆపితే గింత దూరం రాకపోవు..."

"నువ్వు లోపటికి ఎట్ల వస్తవు?" నళిని కోపంగా అనలేదు. ఉన్నమాట చెబుతున్నట్టే అంది. "గా సంగతి నీకు తెల్సు కాబట్టే ఇన్నేండ్ల సంది ఈడ ఉన్నవు."

ఆ తర్వాత టీ గిన్నె తెచ్చింది. మాసమ్మ గోడ మీది గ్లాసు తెచ్చి పట్టుకుంటే, అంచుకు తగలకుండా పైనుంచి పోసింది. మాసమ్మ ఆ టీ నిలబడే తాగింది. పని పోలేదు. ఆశ మాత్రం పోయింది.

పైన గదులు బోసిగా ఉన్నాయి. సాగర్ పేరూ నంబరూ తెల్లరంగుతో రాసిన నల్ల ఇనప పెట్టెలు తాళాలు వేసి గుమ్మం దగ్గర నిలబెట్టారు. రాగిణి పరుగెత్తుకొచ్చి మాసమ్మ చెయ్యి పట్టుకుంది.

"అవ్వా, మా అమ్మమ్మ ఊర్ల అందరికి నా లెక్కనే ముఖం ఉంటదట!"

పిల్ల అటు ఆడుకోవడానికి పోయాక అసెన్లా మెల్లగా అంది. "ముఖం ఉంటది అక్కా. దీనికి మా భాష రాదు. ఇది నోరు తెరిస్తే ఆడ నవ్వుతరు. నేను ఏడికి తీస్కపోవాలె దీన్ని?"

మాసమ్మ గోడకు ఆనుకుని కింద కూర్చుంది. అసెన్లా లోపలికి వెళ్లి కెటిల్ తెచ్చి ఆమె ఒడిలో పెట్టింది. సొట్టలు పడ్డ పాత కెటిల్, పాతిక మందికి సరిపడా టీ పడుతుంది.

"జోధ్‌పూర్ల మా బాబు పుట్టంగనే పోయిండు. సాగర్ బార్డర్ల ఉండె. పక్క క్వార్టర్ల తమిళ సుబేదార్ భార్య ఇది పట్టుకుని నా వంటింట్లకు వచ్చింది. లైన్ల ఆడోళ్లంత వచ్చిన్రు, పంజాబోళ్లు, గఢ్వాలోళ్లు, అందరు. దుఃఖమున్న ఇంట్ల పొయ్యి ఆరొద్దంటరు మా మిలిటరీ లైన్ల. ర్యాంకు చూస్తరు అక్కా, ఆడ గూడ చూస్తరు. పొయ్యి కాడ మాత్రం చూడరు." కెటిల్ మూత సరిగ్గా పెట్టింది. "ఆమె బదిలీ అయి పోతూ నాకు ఇచ్చింది. పోయేటోళ్లు ఉండేటోళ్లకు ఇచ్చి పోవాలె. ఈడ ఇయ్యనీకె నాకు నువ్వొక్కదానివే ఉన్నవు."

మాసమ్మ కెటిల్‌ను రెండు చేతులా పట్టుకుంది. "ఆ రోజు నేను గడప కాడనే ఉన్న బిడ్డా."

"చూసిన అక్కా," అంది అసెన్లా. "నీ కాలు చూసిన."

కోపంగా ఒక మాట అనుంటే మాసమ్మకు కాస్త తేలికయ్యేదేమో.

ఆటో వచ్చింది. పెట్టెలు ఆటో వెనక ట్రాలీలోకి ఎక్కాయి. ఇంద్రసేన గేటు దాకా వచ్చి రాగిణి చేతిలో చాక్లెట్టు పెట్టాడు. "సాగర్‌ను అడిగినట్టు చెప్పుండ్రి. జై హింద్," అని నిటారుగా నిలబడి సెల్యూట్ చేశాడు. అసెన్లా చేతులు జోడించింది. పుస్తకాల సంచులతో కోచింగ్‌కు పోతున్న పిల్లలు ఆటోకు దారిచ్చి, మళ్లీ సందును నింపేశారు. వీధిలో ఇంకెవరూ తలుపు తెరిచి చూడలేదు. రాగిణి ఆటోలోంచి చెయ్యి ఊపుతూనే ఉంది. మలుపు దగ్గర ఆ చెయ్యి కనిపించకుండా పోయింది. మాసమ్మ పైకెళ్లి ఖాళీ గదులు ఊడ్చి, తడిగుడ్డ పెట్టింది. అది కూడా ఆమె పనే.

సాయంత్రం కెటిల్ చంకన పెట్టుకుని బస్తీకి నడిచింది. తన మొగుడు పోయిన రోజు కూతురు భివండీ నుంచి వచ్చేసరికి పొద్దుగూకింది. అందాకా తను ఒక్కతే ఆ గదిలో కూర్చుని ఉంది, చేతిలో చుక్క నీళ్లు పోసినవాళ్లు లేరు. ఆ సంగతి అసెన్లాకు చెప్పనే లేదని దారిలో గుర్తొచ్చింది. ఇక ఎప్పటికీ చెప్పేది లేదు.

గది తలుపు తీసి, దీపం వేసి, పొయ్యి వెలిగించింది. కెటిల్ పొయ్యి మీద పెట్టి, తన ఒక్కదానికి ఓ కప్పు నీళ్లు పోసింది. ఎందరెందరి చావులకో టీ కాచిన ఆ పెద్ద కెటిల్‌లో అవి అడుగైనా కప్పలేదు. సొట్ట పడ్డ వైపు ఓ మూలకు చేరి, అక్కడే మరుగుతూ ఉండిపోయాయి.