పదిహేడో ప్రశ్నకు జవాబు

నవనీత ఆ రోజు నాగర్‌కర్నూల్ చేరేసరికి పదకొండు దాటింది. బల్మూర్ అవతల, నల్లమల అంచున ఉన్న ఒక ఊరి బడిలో ఆమె టీచరు. రెండు బస్సులు మారితే గాని ఇక్కడికి రాలేదు. మూడు జిల్లాల ప్రాథమిక బడుల కోసం ‘ఆలోచిద్దాం’ అనే పుస్తకం తయారుచేసే బృందంలో ఆమెను వేసి ఐదు నెలలైంది. బట్టీ పట్టి రాసే పిల్లలకు సొంతంగా ఆలోచించడం అలవాటు చేయాలన్నది దాని ఉద్దేశం. వారానికొక పాఠం, పాఠానికొక బొమ్మ, బొమ్మ కింద ఒక ప్రశ్న. మొత్తం నలభై ప్రశ్నలు.

మొదట్లో బృందంలో పదకొండు మంది ఉండేవాళ్లు. ఒకరికి ఎన్నికల డ్యూటీ పడింది, ఒకరికి బదిలీ అయింది, కొందరు ఊరికే రావడం మానేశారు. చివరికి మిగిలింది నవనీత, వనపర్తి నుంచి వచ్చే లెక్కల సారు షరీఫ్. ఆయన రిటైర్మెంటుకు ఇంకా కొన్ని నెలలే ఉన్నాయి. బొమ్మలు వేసే పని కూడా ఆయన మీదే పడింది.

భోజనాలయ్యాక కోఆర్డినేటర్ రాఘవేందర్ వచ్చి కాగితాలన్నీ తిరగేశాడు.

“అంతా మంచిగున్నది మేడం. మరి జవాబుల కీ ఏది?”

“కీ ఏంది సార్? ఒక్కటే జవాబు ఉండొద్దనే గద మనం గిట్లాంటి ప్రశ్నలు తయారుచేసింది?”

“నాకు తెల్వదా? కానీ సంవత్సరం ఆఖర్ల పరీక్ష పెడ్తరు. పక్క బడి టీచర్లు దిద్దుతరు. వాళ్లు ఏం చూసి మార్కులెయ్యాలె?” రాఘవేందర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అతని కళ్ల కింద కూడా నల్లగా ఉంది. “ఇంతకుముందు ఒక పుస్తకం కీ లేకుండనే పంపిన. మార్కులు చూపియ్యలేకపోయినం. ఒక్క ఏడాదికే ఎత్తేసిండ్రు. ఇదన్న బతకాల్నా వద్దా? నాలుగు గంటలకు ప్రెస్సుకు పోవాలె.”

నవనీత షరీఫ్ వైపు చూసింది. ఆయన పెన్సిలు కింద పెట్టి వేళ్లు నొక్కుకుంటున్నారు.

“రాసేయమ్మా,” అన్నారు మెల్లగా. “లేకుంటే పిల్లల దాక పుస్తకమే పోదు.”

ఆమె రాసింది. నలభై ప్రశ్నలకు నలభై జవాబులు, గంటన్నరలో. పదిహేడో ప్రశ్న చీమల బొమ్మ. చీమలు గుడ్లు నోట కరుచుకుని చెట్టు పైకి వెళ్తున్నాయి. ఎందుకు వెళ్తున్నాయి, ఎలా చెప్పగలవు? కీలో ఆమె రెండు మాటలు రాసింది: వాన రాబోతోంది. తర్వాత పద్దెనిమిదో ప్రశ్నకు వెళ్లిపోయింది. నాలుగుంబావుకు బస్టాండుకు నడుస్తుంటే, ఎవరి ఇల్లో సగం కట్టి వదిలేసి వెళ్తున్నట్టు అనిపించింది. బస్సులో సీటు దొరికాక నిద్ర పట్టింది.

జూన్‌లో పుస్తకాలు బడికి వచ్చాయి. శుక్రవారం పొద్దున ఐదో తరగతికి ఆ పాఠం. మొదటి నెలంతా పిల్లలు నోరు విప్పలేదు. ఆమె ఏదైనా అడిగితే, జవాబు ఆమె ముఖం మీద రాసి ఉన్నట్టు ఆమెనే చూసేవాళ్లు. మొదట మాట్లాడింది ఉమ. అడవిలోపల పెంట అని పిలిచే చెంచుల గూడెం నుంచి వచ్చే పిల్ల. తండ్రి ఓబయ్య తేనె తీస్తాడు. బడికి నాలుగు రోజులు వస్తే రెండు రోజులు రాదు. కానీ శుక్రవారం తప్పేది కాదు. ఉమ ఒక మాట అనేది, వెనక బెంచీలో ఎవరో కాదనేవారు, ఇంకెవరో మధ్యలో దూరేవారు. దసరా సెలవులు వచ్చేసరికి ఆ గంట సేపు గదిలో గోల. నవనీతకు గొంతు పోయేది. మిగతా సిలబస్ వెనకపడేది. అయినా ఆ ఒక్క గంట కోసమే ఆమె వారమంతా లాక్కొచ్చేది. చీమల పాఠం వంతు వచ్చిన వారం మాత్రం ఆమెను ఓటర్ల జాబితా పనికి పంపారు. ఆ పాఠం చెప్పకుండానే పోయింది.

మార్చిలో ఆ పుస్తకంలోని ప్రశ్నలతోనే పరీక్ష జరిగింది. పేపర్లు వేరే బడికి వెళ్లి, దిద్దుకుని తిరిగొచ్చాయి. మార్కులు అప్పటికే ఆన్‌లైన్‌లో ఎక్కించేశారు. నవనీత కట్ట విప్పి ఉమ పేపరు వెతికింది. పదిహేడో ప్రశ్న పక్కన ఎర్రగా సున్నా.

ఉమ రాసింది ఇదీ: ‘ఇది టేకు చెట్టు. ఆకులు లేవు. ఆకులు లేవంటే ఎండకాలం. ఎండకాలంల వాన రాదు. కింద ఎక్కడనో అగ్గి అంటుకుంది. అందుకే గుడ్లు తీసుకొని పోతున్నయి.’

నవనీత బొమ్మను దగ్గరగా పెట్టుకుని చూసింది. నిజమే, చెట్టుకు ఒక్క ఆకు లేదు. ఐదు నెలలు ఆ బొమ్మ ముందు కూర్చుని ఆమె ఆ సంగతి గమనించలేదు. షరీఫ్‌కు ఫోన్ చేసింది.

“చెట్టుకు ఆకులెందుకు వెయ్యలేదు సార్?”

“వేసే ఓపిక లేకుండె,” అన్నారాయన. ఆమె ఉమ జవాబు చదివి వినిపించింది. “మనకంటె ఆ పిల్ల మంచిగ చూసింది,” అన్నారు.

పేపర్లు పిల్లలకు చూపించాక వచ్చిన శుక్రవారం క్లాసులో కొత్త బొమ్మ పెడితే ఉమ చెయ్యెత్తలేదు. నవనీత పేరు పెట్టి పిలిచింది.

“నువ్వేమంటవు ఉమా?”

“జవాబు ఏందో మీరే చెప్పుండ్రి టీచర్. రాసుకుంట.”

ఆ పిల్ల గొంతులో కోపం లేదు. పెన్ను పట్టుకుని, నోటు పుస్తకం తెరిచి, బుద్ధిగా ఎదురుచూస్తోంది. అదే నవనీతకు తట్టుకోలేనిదైంది. ఆమె బల్ల మీది పుస్తకం మూసేసింది.

“చూడుండ్రి. పరీక్షల చీమల ప్రశ్నకు జవాబు రాసిపెట్టింది నేనే. సరిగ చూడకుండ రాసిన. ఉమ బొమ్మ చూసి రాసింది. తప్పు నాది, ఉమది గాదు.”

పిల్లలు ఉమ వైపు తిరిగారు. ఉమ నోటు పుస్తకంలోంచి తలెత్తింది.

“అయితే మార్కు ఏస్తరా టీచర్?”

“ఎయ్యనీకె రాదు బిడ్డా. ఎక్కిచ్చేసిండ్రు.”

ఉమ తలూపి పెన్ను మూత పెట్టింది. ఆ గంటంతా చెయ్యెత్తలేదు.

మరుసటి రెండో శనివారం నవనీత నాగర్‌కర్నూల్ వెళ్లి రాఘవేందర్ ముందు ఆ పేపరు పెట్టింది. అతను రెండుసార్లు చదివాడు.

“ఒక్క పిల్ల కోసం మొత్తం కీ మారుస్తమా మేడం?”

“ఈ పిల్లకు ఎట్లాగూ అయిపోయింది సార్. వచ్చే ఏడు పుస్తకం కోసం అడుగుతున్న. జవాబు బదులు, జవాబును ఎట్ల చదవాల్నో రాస్త. బొమ్మల నుంచి ఏదన్న కారణం చూపిస్తే మార్కు. గంతే.”

అతను గోడ క్యాలెండరులో తేదీలు లెక్కపెట్టాడు. “ప్రశ్నకు ఒక్క లైను. పది రోజులు టైము. డ్యూటీ కింద రాయను, బడి అయినంక చేసుకోవాలె. పైనుంచి మాటొస్తే నేను పడ్త,” అన్నాడు.

పది రోజులు ఆమె బడి అయ్యాక రాసింది. షరీఫ్ అప్పటికే రిటైరయ్యారు. అయినా వనపర్తి నుంచి రోజూ ఫోన్లో ఒక్కో లైను వినేవారు. “ఇది అర్థం కాలేదమ్మా, మళ్లీ రాయి,” అనేవారు. ఆఫీసువాళ్లు నలభైలో ఇరవై ఆరు లైన్లకే ఒప్పుకున్నారు. మిగతా పద్నాలుగు ప్రశ్నలకు పాత కీయే ఉండిపోయింది. అందుకు పోట్లాడే శక్తి ఆమెకు మిగల్లేదు.

జూన్‌లో ఉమ ఆశ్రమ పాఠశాలలో ఆరో తరగతికి వెళ్లిపోయింది. తండ్రి వచ్చి టీసీ తీసుకుపోయాడు. ఆ పిల్ల అక్కడ చెయ్యెత్తుతోందో లేదో నవనీతకు తెలియదు. రెండుసార్లు వెళ్లి చూసి రావాలనుకుంది, కుదరలేదు.

మళ్లీ మార్చి వచ్చింది. ఒక మధ్యాహ్నం అన్నం తినడానికి కూర్చోగానే తెలియని నంబరు నుంచి ఫోన్.

“నమస్తే మేడం, నేను ఏసురత్నం, రాజోలి దిక్కు బడిల టీచర్ని. పుస్తకం వెనక మీ నంబరున్నది. ‘ఆలోచిద్దాం’ పేపర్లు దిద్దుతున్న. మగ్గం ఎందుకు ఆగిందనే బొమ్మ ఉన్నది గద, కీల దానికి జవాబు లేదు, అసలు జవాబు ఏంది?”

“పిల్లలు ఏం రాసిండ్రు సార్?”

“ఒకడేమో, గోడకు తడి మరకలున్నయి, మగ్గం కింద గుంటల నీళ్లు ఊరినయి అన్నడు. ఇంకొక పిల్ల, బట్ట కోసేసిండ్రు, కొత్త పడుగు దారాలు ఇంక ఎక్కియ్యలేదు అన్నది. దేనికి మార్కెయ్యాలె?”

“రెండూ బొమ్మల కనపడుతున్నయా?”

అటువైపు కాగితం తిప్పిన చప్పుడు. “కనపడుతున్నయి.”

“అయితే రెంటికీ ఎయ్యుండ్రి.”

“గట్లయితే ఒక్కొక్క పేపరు మొత్తం చదవాల్సొస్తది మేడం. ఇంక ముప్పై ఉన్నయి.” ఏసురత్నం గొంతు అప్పటికే అలసిపోయి ఉంది.

“అవును సార్, చదవాల్సొస్తది,” అంది నవనీత. టిఫిన్ డబ్బా మూత పెట్టి పక్కకు జరిపింది. “మూడో పేపరుల ఏం రాసిండ్రో చదువుండ్రి. ఇంటున్న.”