ఏడో వాకిలి దగ్గర తారకం

ఇప్పుడేం చదువుతున్నారు అన్న ప్రశ్న ఒక్కో కుర్చీనీ దాటుకుంటూ వస్తోంది, కాసేపట్లో సువర్చల వంతు వచ్చేస్తుంది, ఆమె పక్క కుర్చీలో మాత్రం పోయినేడాది వానాకాలంలో డెంగీ జ్వరంతో చనిపోయిన తమ్ముడు తారకం కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉన్నాడు. వాడు రావడం అక్కడెవరికీ వింతగా లేదు. కాకినాడలో మాయలూ మంత్రాలూ గ్రహాంతర యానాల నవలలు చదివే పిచ్చివాళ్ళంతా నెలకో ఆదివారం సాయంత్రం ఈ ట్యుటోరియల్ కాలేజీ గదిలోనే కలుస్తారు. చచ్చినవాళ్ళు లేచి రావడం వీళ్ళ నవలల్లో మామూలే కదా, ఇంకేం వింత! రెండు సూర్యుళ్ళున్న గ్రహం గురించి మస్తాన్ ఊపిరాడకుండా చెప్పుకుపోతున్నాడు, అందరినీ వరసగా అడిగే కామేశ్వరి గారు తల ఊపుతున్నారు, కిటికీలోంచి మంచు పడి బల్లల మీద పేరుకుంటోంది.

 ఏడాదిగా తన వంతు వచ్చిన ప్రతిసారీ సువర్చల అదే పుస్తకం పేరు చెబుతోంది, ఏడు వాకిళ్ళ మంచుకోట నవల, మూడో భాగం. ఎక్కడిదాకా వచ్చారని అడిగితే ఏడో వాకిలి దగ్గర అంటుంది. మొదట్లో జాలిపడ్డారు, తర్వాత ఊరుకున్నారు, ఈమధ్య ఆమె నోరు విప్పగానే అందరూ చూపులు దించుకుంటున్నారు.

అలా ఆగిపోవడానికి కారణం అక్కాతమ్ముళ్ళ మధ్య ఒప్పందం. చిన్నప్పుడు అద్దె పుస్తకాల షాపు నుంచి మంత్రాల కథలు తెచ్చుకుని జుట్టూ జుట్టూ పట్టుకునే రోజుల్లో పెట్టుకున్నారు దాన్ని. ఇద్దరికీ ఒకటే పుస్తకం, పేజీల మధ్య పెట్టుకునే గుర్తూ ఒకటే. వెనకబడ్డవాళ్ళు వచ్చి ఆ గుర్తును చేరుకునేదాకా ముందున్నవాళ్ళు పేజీ తిప్పకూడదు. తారకం పోయేనాటికి ఆ గుర్తు ఏడో వాకిలి దగ్గరుంది. తలుపు మూసి ఉంది, బయట మంచులో మిత్రవింద అనే సైనికురాలు నిలబడి ఉంది, అధ్యాయం అయిపోయింది. సువర్చల ఆ పేజీ తిప్పలేదు. తిప్పితే వాణ్ణి అక్కడ వదిలేసి తను వెళ్ళిపోయినట్టేనని ఆమె భయం. ఇంతకు మించి భయపడ్డది ఆమె జన్మలో లేదు.

మస్తాన్ చెప్పడం అయిపోయింది. అతని ఆఖరి మాట ఇంకా గాల్లో ఉండగానే గది గోడలు వెనక్కి వెనక్కి జరిగి మంచు తప్ప ఏమీ లేని మైదానమవుతుంది, కామేశ్వరి గారి గొంతు దూరంగా, రైల్వే స్టేషన్లో అనౌన్స్‌మెంటులా వినిపిస్తుంది, సువర్చల వీపు ఒక పెద్ద తలుపుకి ఆనుకుని ఉంది, ఎదురుగా తారకం పలచటి కాటన్ చొక్కాతో గజగజా వణుకుతున్నాడు. మిత్రవింద లేదు. ఆమె నిలబడాల్సిన చోట వీడు నిలబడ్డాడు.

స్వెట్టర్ ఏదిరా అని అడిగింది సువర్చల. కాకినాడలో స్వెట్టరెవడు కొంటాడని వాడు నవ్వబోయాడు గాని పళ్ళు టకటకా కొట్టుకుని నవ్వు సగంలో ఆగింది. పక్కకి జరగమంటున్నాడు. ఆమె జరగడం లేదు. తమ్ముణ్ణి చలికి ఒదిలేస్తున్నానని తెలుసు, తలుపు తీస్తే ఇక కనపడడనీ తెలుసు. రెండూ తెలిసి ఏం చెయ్యను దేవుడా అని ఆమె లోలోపల కుతకుతలాడుతోంది. చేతులు వెనక్కి పెట్టి తలుపును అదిమి పట్టుకుంది. అరచేతులు మంచుకి చెక్కతో అతుక్కుపోయాయి.

"అక్కా, నీకో మాట చెప్పాలి," అన్నాడు తారకం.

"కథ చివరేమవుతుందో చెప్పావంటే చంపేస్తాను," అనేసి నాలిక్కరుచుకుంది సువర్చల. చచ్చినవాణ్ణి మళ్ళీ చంపడమేమిటి! వాడు ఏమీ అనుకోలేదు. ఏదో చెప్పబోతాడు, మానేస్తాడు, నీళ్ళు నములుతాడు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, పక్కింటివాళ్ళ పెళ్ళిచూపుల సంగతి పెళ్ళికొడుక్కి తెలిసేలోగా వీధంతా చాటిన మనిషి, ఇవాళ మాట దాచుకుంటున్నాడంటే ఆమెకి ఒళ్ళు మండింది. ఏడాది పాటు ఇంటిల్లిపాదీ మొండిఘటమని తిట్టినా తను ఆ పేజీ దగ్గరే కాపలా కాసింది ఎవరి కోసమని గట్టిగా నిలదీసింది. మంచు ఆమె మోకాళ్ళ దాకా వచ్చింది. వాడి నడుం దాకా వచ్చింది.

"నువ్వాపితే నేనాగుతాననుకుంటున్నావా అక్కా? ఆగిపోయింది నువ్వే."

ఆ మాటకి సువర్చల ఏడ్చేసింది. "నేనొక్కదాన్నీ చదివి ఎవరితో చెప్పుకోవాలిరా? నువ్వు లేకుండా ఆ తలుపు అవతల ఏముంటే నాకేంటి?"

"ముందు నువ్వు చదువు. నాకు చెప్పక్కర్లేదులే."

ఎందుకు చెప్పక్కర్లేదని ఆమె అడిగింది. తారకం తల వంచుకున్నాడు. మంచు వాడి భుజాలకొచ్చింది, గడ్డానికొచ్చింది, వాడు మాత్రం తప్పు చేసి దొరికిపోయిన పిల్లాడిలా అక్క మొహం చూడకుండా నేలకేసి చూస్తున్నాడు. సువర్చల వాడి చెయ్యి పట్టుకుని లాగాలని ముందుకొంగితే అరచేతులు తలుపు నుంచి ఊడి రావడం లేదు. ఉన్నట్టుండి మంచు మీద కుర్చీలు మొలిచాయి, కుర్చీల్లో అందరూ ఆమెకేసే చూస్తున్నారు. "సువర్చల గారూ, ఇప్పుడేం చదువుతున్నారు?" అన్నారు కామేశ్వరి గారు. సువర్చల నోరు తెరిచింది. పుస్తకం పేరు రావడం లేదు, తమ్ముడి పేరు వస్తోంది, అదీ గొంతులోనే...

కళ్ళు తెరిచేసరికి తెల్లవారి కిటికీలో ఎండ పడుతోంది. వీధిలో పాలవాడు హారన్ కొడుతున్నాడు. ఆమె మొహం కూడా కడుక్కోకుండా బీరువా తీసి, తమ్ముడి గదిలోంచి తెచ్చుకున్న ఆ లావుపాటి పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, గుర్తున్న చోట తెరిచి పేజీ తిప్పబోయింది. పేజీ తిరగలేదు. తర్వాతి పేజీకి అంటుకుని ఉంది. గోటితో మెల్లగా విడదీస్తే మధ్యలో కాజా పాకం మరక, అందులో బొటనవేలి ముద్ర.

సువర్చలకి షుగరు. కాజా ముట్టి ఎన్నేళ్ళో అయింది. ఈ పుస్తకం వాడు, తను తప్ప మూడో మనిషి తాకలేదు. గబగబా ముందుకి తిరగేసింది. పది పేజీల తర్వాత ఇంకో మరక, ఇంకా తర్వాత ఇంకోటి, కథంతా ముగిసిన ఆఖరి పేజీ మూల కూడా అదే బొటనవేలు. అంతా చదివేసి, ఏమీ ఎరగనట్టు గుర్తును మళ్ళీ వెనక్కి తెచ్చి ఏడో వాకిలి దగ్గర పెట్టాడన్నమాట, అక్క వచ్చి కలుసుకునేదాకా.

"దొంగవెధవా," అంది సువర్చల పైకే. కోపమొచ్చింది, దాని వెనకే నవ్వొచ్చింది, ఆ నవ్వు ఏడుపైపోతుంటే పమిట చెంగుతో కళ్ళు తుడుచుకుని, వాణ్ణి అందుకోవాలని త్వరత్వరగా చదవడం మొదలుపెట్టింది.