ఆరని గుడ్డల పాట

జొన్న రొట్టెలు కాల్చి, మిరియాల కషాయం ఫ్లాస్కులో పోసి, శాలువా ఇస్త్రీ చేసి, తంబూరాకు గవిసెన తొడిగేసరికి పదకొండు దాటింది. నీలాంబిక అద్దం ముందు నిలబడిందో లేదో ముందు గదిలోంచి భర్త కేక వచ్చింది. "నీకెందుకే అంత ముస్తాబు? వాళ్ళు చూసేది నన్ను." పండిత్ వీరభద్ర ముళగుంద తమాషాకే అన్నాడు. ఆయన తమాషాలకు ధార్వాడంతా నవ్వుతుంది. ముప్ఫై ఏడేళ్ళుగా ఈవిడా నవ్వుతోంది, కాకపోతే ఈమధ్య కాస్త ఆలస్యంగా.

యూనివర్సిటీ హాలు సంగీతం పిల్లలతో కిక్కిరిసి ఉంది. సంగీత శాఖ పెద్దాయన పండితులవారి బిరుదులన్నీ చదివి, చివర్లో "తంబూరా మీద అమ్మగారు" అన్నాడు. పేరు అడగాలని తోచలేదు పాపం. ఆమె భర్త వీపు వెనక తన చోట కూర్చుంది. ఆయన ముఖం కంటే ఆ వీపే ఆమెకు బాగా తెలుసు. ఇద్దరూ గురువు శ్రీపాద బువా దగ్గర పాట నేర్చుకున్నవాళ్ళే. "అమ్మాయి గొంతు తేలిక, అబ్బాయిది మొండి" అనేవాడు బువా. పెళ్ళయ్యాక అత్తగారు తేల్చేసింది: "ఒక ఇంట్లో రెండు కోయిలలెందుకమ్మా? ఒకటి కూస్తే ఒకటి వండాలి." అంతే, పొయ్యి ఈమె వంతుకొచ్చింది.

ఆయన వానల రాగం గౌడ్ మల్హార్ ఎత్తుకున్నాడు. 'మబ్బూ, ఒక్క ఘడియ ఆగు, నా గుడ్డలింకా ఆరలేదు.' ఆమె తీగ మీటుతూనే తలెత్తింది. పాట ఆపి ఆయన పిల్లలకు చెప్పాడు: "ఇది మా బువా రచన. ఆజన్మ బ్రహ్మచారి ఆయన. ఆరని గుడ్డ అంటే ఏమిటి? సంసారపు తడి వదలని ఆత్మ!" గురువు పేరు చెప్పగానే భక్తిగా చెవి ముట్టుకున్నాడు. హాల్లో అందరూ ముట్టుకున్నారు. తంబూరా వాయించేవాళ్ళు కూడా ఆ క్షణం తీగ వదిలి చెవి ముట్టుకోవడం ఆచారం. శాఖ పెద్దాయన లేచి, వచ్చే ఏడాది ఎం.ఏ. పుస్తకంలో ఈ పాటను బువా పేరుతో అచ్చు వేస్తున్నామని ప్రకటించాడు. చప్పట్లు.

ఆత్మట! అప్పుడు శ్రావణ ముసురు, పెద్దాడికి మూడో నెల, ఇంట్లో పొడిగుడ్డ ఒక్కటి లేదు. దండెం మీది తడిగుడ్డలు తిరగేస్తూ తనలో తాను గొణుక్కున్న పాట అది. సాధన గదిలోంచి ఆయన పరుగున వచ్చి వంటింటి గడప మీద కూర్చుని, "మళ్ళీ పాడు, మళ్ళీ పాడు" అని పదకొండు సార్లు పాడించుకున్నాడు. పెళ్ళయ్యాక ఆయన తలెత్తి తనవైపు చూసింది ఆ మధ్యాహ్నమే. ఆ మధ్యాహ్నాన్ని తలుచుకునే ఇన్నేళ్ళూ ఆ వీపు వెనక కూర్చోగలిగింది. ఇప్పుడా గొంతులో దొంగతనపు జాడే లేదు. నిజంగానే మరిచిపోయాడు. అబద్ధమాడినా బాగుండేది, అబద్ధమాడాలన్నా తను గుర్తుండాలి కదా. ఇంతమందిలో ఆమెను గుండె పట్టనంత ఒంటరితనం కమ్మింది.

మూడో వరసలోంచి స్ఫూర్తి అనే పిల్ల లేచింది. "సార్, బువాగారు ఆజన్మ బ్రహ్మచారి అన్నారుగా. మరి గుడ్డలెవరివి సార్?"

హాలు గొల్లుమంది. పండితుడి వీపు బిగుసుకుంది. "మహానుభావుల మాట అంత తేలిగ్గా అంతుబట్టదమ్మా. ముందు చెవి ముట్టుకుని కూర్చో."

ఆ పిల్ల చెవి ముట్టుకుంది గాని కూర్చోలేదు. "తంబూరా అమ్మగారు ముట్టుకోలేదు సార్. నేను చూశాను."

ఆయన వెనక్కి తిరిగాడు. కచేరీలో ఎన్నడూ తిరిగినవాడు కాదు. కళ్ళతోనే గదమాయించి, మళ్ళీ పిల్లలవైపు నవ్వాడు. "ఆవిడకు చెయ్యి ఖాళీ లేదులే."

నీలాంబిక తంబూరాను మెల్లగా పక్కన పడుకోబెట్టింది. చాలా ఏళ్ళ తర్వాత తన గొంతు మైకులో వినబడితే తనకే కొత్తగా ఉంది.

"చెయ్యి ఖాళీగానే ఉంది తల్లీ. ఆ గుడ్డలు మా పెద్దాడివి. నా పాటకి నేనే చెవి ముట్టుకుంటే ఏం బాగుంటుంది?"