పాట చివరిదాకా పోనివ్వాలి

మా బావ లాసెల్స్ రేడియోలో మాట్లాడటానికి సూటు వేసుకుని వస్తాడు. టై కడతాడు, టోపీకి ఈక గుచ్చుతాడు, బూట్లు మొహం కనిపించేలా తుడుస్తాడు. "నీ టై ఎవరికి కనిపిస్తుంది బావా, మైకుకా?" అని నేను వెక్కిరిస్తే, "నా గొంతుకి కనిపిస్తుంది మరదలు పిల్లా. నేను బనియనుతో కూర్చుంటే నా గొంతు కూడా బనియనుతోనే వీధిలోకి పోతుంది" అంటాడు. నాకు మోకాళ్లు అరిగిపోయినా ఇంకా మరదలు పిల్లనే.

మాది ఇంగ్లండులో బర్మింగ్‌హామ్, హ్యాండ్స్‌వర్త్ పేట. మా రేడియో పేరు శంఖం. ఇప్పుడంటే మంగలి షాపు మీద రెండు గదులూ, గోడకి లైసెన్సూ ఉన్నాయి గానీ, మొదట్లో అవేవీ లేవు. ఈ ఊరి పెద్ద రేడియోలు కరీబియన్ దీవుల నుంచి వచ్చిన మా పాటలు వేసేవి కావు, మా పేర్లు సరిగా పలికేవి కావు. నల్లవాడు వార్తల్లోకి ఎక్కాలంటే పోలీసులు పట్టుకోవాల్సిందే. అందుకని మా బావ, అతని స్నేహితులు కలిసి ఓ ఎత్తయిన మేడ మీద బట్టలారేసే తీగల మధ్య ఏరియల్ దాచి శంఖం ఊదడం మొదలుపెట్టారు. ఇన్‌స్పెక్టర్లు వచ్చినప్పుడల్లా మా అక్క ఒరీతా ఆ ఏరియల్ మీద తడి దుప్పటి ఆరేసి, దాని పక్కనే నిలబడి, "ఇవాళ వాన పడుతుందంటారా?" అని వాళ్లనే అడిగేది.

అక్క పోయి కొన్నేళ్లయింది. బావ ఆదివారం కార్యక్రమం మాత్రం ఆగలేదు. చర్చి వదిలాక మొదలై సాయంత్రం దాకా నడుస్తుంది. ముందు భక్తి పాటలు, తర్వాత మా దీవుల హుషారైన కలిప్సో పాటలు, తర్వాత జమైకా, బార్బడోస్, సెయింట్ కిట్స్ కబుర్లు, ఆ తర్వాత జబ్బు పడ్డవాళ్లవీ పోయినవాళ్లవీ పేర్లు. అదయ్యాక ఓ పొడుగాటి ప్రేమ పాట. దాని తర్వాత పుట్టినరోజుల పేర్లు. ఈ వరస ఏనాడూ మారలేదు. ఆ ప్రేమ పాట పాడేవాడు పాడుతున్నాడో ఏడుస్తున్నాడో చెప్పడం కష్టం. అయినా అది మొదలవగానే బావ టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంటాడు. "ఇది మా ఒరీతాకి ఇష్టమైన పాట" అని ప్రతి వారం చెబుతాడు. ఏం చేసినా ఆ పాటను మాత్రం కదపొద్దని అక్క అతని దగ్గర మాట తీసుకుంది.

నా పని మైకు గదికి అద్దం ఇవతల, ఫోను దగ్గర కూర్చోవడం. బావ కార్యక్రమం నడిచినంతసేపూ అది కూర్చునే పనే, ఎందుకంటే ఆ ఫోను మోగదు. నేను ఈ పాటికి మనవలందరికీ స్వెటర్లు అల్లేశాను.

ఇది మా రేడియో కమిటీకి అధ్యక్షురాలైన ఆర్డెల్ కంటపడింది. మంచి పిల్లే, తెలివైనది, కాకపోతే ఏదైనా కంప్యూటర్ తెర మీద కనిపిస్తే తప్ప నమ్మదు. ఎవరి కార్యక్రమానికి ఎన్ని మెసేజులు వచ్చాయో ఆ తెర మీద రంగురంగుల గీతల్లో చూపించింది. అందరివీ కొండల్లా లేచాయి. బావ గీత నేల మీద పడుకుంది.

"లాసెల్స్ అంకుల్, మన గొంతు నలుగురికీ వినిపించాలనే కదా మీరు ఈ శంఖం పట్టుకున్నది. వినేవాళ్లే లేకపోతే ఎవరికి ఊదుతున్నట్టు?" అంది. తిట్టినట్టు కాదు, బాధగానే అంది. వచ్చే ఆదివారం ఆ సమయంలో కెజాయా అనే కుర్రపిల్లను కూర్చోబెట్టి చూద్దామనీ, తేడా చూశాక కమిటీ తేలుస్తుందనీ చెప్పింది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. బావ మాత్రం టోపీ పెట్టుకుని లేచాడు. మెట్లు దిగుతూ నా భుజం పట్టుకుని ఆగాడు.

"ఆ పిల్ల చెప్పింది నిజమేనేమో వినెట్. ఒరీతా ఉన్నప్పుడు ఒక్కరైనా వింటున్నారని తెలిసేది. ఇప్పుడు నేను గోడతో మాట్లాడుతున్నానేమో."

ఆ ఆదివారం కార్యక్రమం కోసమే అతను వారమంతా చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటాడు. అది కూడా పోతే ఇక సూటు వేసుకునేది ఎవరి అంత్యక్రియలకో తప్ప ఉండదు.

అందుకని ఆ బుధవారం చర్చిలో ప్రార్థన అయ్యాక ఆడవాళ్లందరినీ పట్టుకున్నాను. ఆర్డెల్ వాళ్లమ్మ మిస్ ఐసిల్డాతో మొదలుపెట్టాను. లాసెల్స్‌కి ఓ ఫోను చెయ్యమన్నాను.

"ఎందుకు? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉన్నాడు. వింటున్నామని ఓ మాట చెబితే చాలు."

"వింటున్నామని అతనికి తెలీదా ఏం? మా రేడియో మోగుతూనే ఉంటుందిగా," అంది ఆవిడ. పైగా ఆ వేళకి తన రెండు చేతులకీ కొబ్బరేననీ, ఫోను ముట్టుకుంటే పాడైపోతుందనీ విసుక్కుంది. మిగిలినవాళ్లదీ ఇదే పాట. ఒకావిడ మాత్రం జాలిపడి మర్నాడే ఫోను చేసింది. కింద మంగలి షాపు సోమవారం తెరుస్తారా అని అడిగి పెట్టేసింది.

ఆదివారం వచ్చింది. బావ మామూలుగానే సూటు వేసుకుని వచ్చి, పిల్లకి మీటలు చూపించాలన్న వంకతో నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. కెజాయా పసుపుపచ్చ ప్యాంటులో దిగింది. నేను ఆ పిల్లను అసహ్యించుకోవాలని గట్టిగా అనుకున్నాను గానీ కుదరలేదు. "తాతా, మీ వరస మార్చను, కాస్త డోలు కలుపుతానంతే" అని బావ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. అన్నట్టే చేసింది. భక్తి పాటలు వేసింది, వాటి కింద డోలు మోగింది. కలిప్సోలకి కుర్చీలోనే ఊగింది. పోయినవాళ్ల పేర్లు చదివేటప్పుడు గొంతు తగ్గించింది. తెర మీద గీత లేస్తూనే ఉంది, వెనక నిలబడ్డ ఆర్డెల్ తల ఊపుతూనే ఉంది. కాసేపటికి ఆర్డెల్, పాస్టరుగారు భోజనానికి వస్తున్నారంటూ సంతోషంగా ఇంటికి వెళ్లిపోయింది.

అప్పుడు ప్రేమ పాట వచ్చింది. ఆ పిల్ల దాని కింద గుండెలదిరే మోత ఒకటి పెట్టింది. ఇక చూడండి, ఊళ్లో కుర్రకారంతా వెనక్కి తిప్పమని మెసేజులు. పాట నచ్చితే సగంలో ఆపి మళ్లీ మొదటినుంచి వేయించుకోవడం మావాళ్ల మర్యాద. డాన్సు హాల్లో అయితే గోడలు బాదుతారు, గిన్నెల మీద మూతలు మోగిస్తారు. ఒక పాటకి అంతకు మించిన సన్మానం లేదు. కెజాయా వెనక్కి తిప్పింది. మళ్లీ అడిగారు, మళ్లీ తిప్పింది. ఆ ఏడుపుగొట్టు గాయకుడికి జీవితంలో ఇంత గౌరవం జరిగి ఉండదు.

బావ మాత్రం కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. "పాటని చివరిదాకా పోనివ్వాలమ్మా" అన్నాడు, తెరిచి ఉన్న తలుపులోంచి.

"ఇంత బాగున్న పాటని తిప్పకపోతే అవమానం తాతా," అని ఆ పిల్ల ఇంకోసారి తిప్పింది.

అప్పుడు మోగింది నా ఫోను. ఉలిక్కిపడి ఊలు కింద పడేశాను. ఎవరో పెద్దావిడ, ఆ పాట అవుతుందా అవదా అని అడిగింది. పెట్టేలోపే ఇంకొకరు, ఆ పిల్లని పాట ముగించమని చెప్పమంటూ. తర్వాత ఒక మగమనిషి. అతను ఏం చెప్పబోయాడో తెలియదు, దగ్గుతూనే ఉన్నాడు. నేను ఫోను పెట్టడం, అది మోగడం. వీళ్లకు బావ మీద ఇంత అభిమానం ఉందా అని నా గుండె ఉప్పొంగింది. అందరూ పాట గురించే అడుగుతున్నారు గానీ బావ పేరు ఒక్కరూ ఎత్తడం లేదని కాసేపటికి గాని తట్టలేదు.

అంతలో కిటికీలోంచి మాడు వాసన వచ్చింది. ఒక ఇంటిది కాదు, వీధంతా మాడినట్టు. మెట్ల మీద చప్పుడయింది. మిస్ ఐసిల్డా తువ్వాలు చుట్టిన నల్ల ఇనప గిన్నె ఒకటి పట్టుకుని లోపలికి వచ్చి, దాన్ని సరాసరి నా బల్ల మీద పెట్టింది. ఆవిడ వెనక ఇంకా కొందరు ఆడవాళ్లు, ఇంకా కొన్ని గిన్నెలు. వాళ్ల వెనక ఆర్డెల్, రుమాలుతో కళ్లు ఒత్తుకుంటూ.

గిన్నెలో మా ఆదివారం అన్నం, ఎర్ర చిక్కుడు గింజలు వేసి కొబ్బరి పాలలో వండేది. దాని మీద బానెట్ అనే మా దీవుల మహా ఘాటు పచ్చి మిరపకాయని చిట్లకుండా ఉంచుతాం. వాసన మాత్రం అన్నానికి పట్టాలి, మిరపకాయ సమయానికి చెక్కుచెదరకుండా బయటికి రావాలి. చిట్లిందా, ఇక ఆ అన్నం కొరివే. ఈ గిన్నెలో అది చిట్లడమే కాదు, ఆనవాలు లేకుండా కలిసిపోయింది. పాస్టరుగారు ప్రార్థన చేసి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, వెంటనే రెండో ప్రార్థన మొదలుపెట్టారట.

"లాసెల్స్, ఆ పాట అయ్యాకే కదా మిరపకాయ తీసి పొయ్యి ఆపేది? అది అవకపోతే మేం ఎలా ఆపుతాం?" అంది మిస్ ఐసిల్డా.

ఆర్డెల్ ముక్కు ఎగపీలుస్తూ, గడియారం చూసుకోవచ్చు కదమ్మా అంది.

"భక్తి పాటలకి గింజలు పొయ్యి మీద పెట్టాలి, కలిప్సోలకి కొబ్బరి పాలు పొయ్యాలి, పోయినవాళ్ల పేర్లకి బియ్యం వెయ్యాలి, ప్రేమ పాటకి మంట తగ్గించాలి. ఇన్నేళ్లూ ఇలా వండినదాన్ని ఇవాళ గడియారం చూడాలా?"

వెనక ఆడవాళ్లందరూ తలలూపారు. బావ ఒక్కొక్క గిన్నెలోకీ తొంగి చూశాడు. అతనికి ఇంకా బుర్రకెక్కలేదు.

"ఇలా వండమని మీకెవరు చెప్పారు?"

"ఎవరేమిటి, మీ ఆవిడే. చర్చిలో ఒరీతా మా అందరికీ చెప్పింది," అంది మిస్ ఐసిల్డా.

అక్క తన వంటింట్లో అలా చేస్తుందని నాకు తెలుసు. అది ఆవిడ ఒక్కదాని చాదస్తం అనుకున్నాను. హ్యాండ్స్‌వర్త్ మొత్తానికి అంటించిందని ఆ గిన్నెలు చూసేదాకా తెలియలేదు.

"అయితే ఒరీతా ఆ పాటని కదపొద్దన్నది..." అని బావ నా వైపు తిరిగాడు.

ఈ సంగతి ఇన్నేళ్లూ నోట్లోనే ఉంచుకున్నాను, భార్య పోయినవాడి పాట మీద నీళ్లు చల్లడమెందుకని. ఇక దాచి లాభం లేదు. "అక్కకి ఆ గాయకుడంటే ఒళ్లుమంట బావా. పన్ను నొప్పి ఉన్నవాడిలా మూలుగుతాడనేది. ఆ పాట సరిగ్గా అన్నం మగ్గేంత పొడుగుంది, అంతే."

అద్దం అవతల కెజాయా మీట మీద చెయ్యి అలాగే ఉంచి చూస్తోంది. బావ టోపీ తీసి దాని లోపలికి చూశాడు.

"మరి ఒరీతాకి ఏది ఇష్టం?" అన్నాడు.

"పాట అయ్యాక పొయ్యి ఆపి, కుర్చీ లాక్కుని కూర్చునేది. నువ్వు అప్పుడు టైము చెప్పి పుట్టినరోజుల పేర్లు చదివేవాడివి. మాలో ఎవరు నోరు తెరిచినా ఊరుకునేది కాదు. నోళ్లు ముయ్యండి, ఆయన మాట్లాడుతున్నాడు, అనేది."

బావ జేబురుమాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. మిరపకాయ ఘాటు అన్నాడు. గదంతా నిజంగానే ఘాటు, అందరి కళ్లూ కారుతున్నాయి, కాబట్టి ఎవరూ మారు ప్రశ్న వెయ్యలేదు.

కమిటీ కూర్చోవలసిన అవసరం రాలేదు. కమిటీ అధ్యక్షురాలితో వాళ్లమ్మ ఇంట్లోనే మాట్లాడింది. బావ సమయం బావకే ఉంది. గిన్నెలు దిగిపోయాక మొదలయ్యేలా కెజాయాకి సాయంత్రం ఇచ్చారు. ఇక ఆ పిల్ల ఏ పాటని ఎన్నిసార్లు తిప్పుకున్నా ఎవరి అన్నమూ మాడదు.

తర్వాతి ఆదివారం బావకి ఇదంతా కొంచెం తలకెక్కింది. కలిప్సోలు మొదలవగానే మైకులో, "ఇప్పుడు కొబ్బరి పాలు పోసుకోండి" అన్నాడు. వెంటనే ఫోను మోగింది. మాకు వంట నేర్పుతాడా, నోరు మూసుకుని పాట వెయ్యమను, అని ఒకరి తర్వాత ఒకరు తిట్టారు. తిట్లన్నీ నేను చేత్తో సైగ చేసి చెప్పాను. బావ సంతోషంగా నోరు మూసుకున్నాడు.

ప్రేమ పాట వచ్చినప్పుడు టోపీ తియ్యలేదు. గాయకుడు మూలుగుతుంటే వింటూ, భుజాలు కదిలేలా లోలోపల నవ్వుకున్నాడు. పాటని చివరిదాకా పోనిచ్చాడు. టై సర్దుకుని టైము చెప్పాడు. తర్వాత పుట్టినరోజుల పేర్లు చదవబోయి, ఆగి మైకు దగ్గరికి వంగాడు.

"కూర్చున్నారా?" అని అడిగాడు.

నా బల్ల మీద ఫోను వైపు చూశాడు. నేనూ చూశాను. అది మోగలేదు. బావ తల ఊపి, పేర్లు చదవడం మొదలుపెట్టాడు.