పిన్ని పేరున్న పురుగు

ముప్పై ఏళ్ళ కిందట మా బాబాయ్ ఒక నల్ల పెంకు పురుగుకి పిన్ని పేరు పెట్టాడు. శాస్త్రం పద్ధతిలో పురుగు పేరు పక్కన, ఆ పేరు పెట్టినవాళ్ళ పేరు కూడా రాస్తారు. అంటే పుస్తకాల్లో పిన్ని పేరు, పక్కనే బాబాయ్ పేరు. "అందరి మొగుళ్ళూ పెళ్ళాలకి నగలు చేయించారు. మా ఆయన నా పేరు తీసుకెళ్ళి పురుగుకి పెట్టాడు" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పి మురిసిపోతుంది పిన్ని.

పురుగుల మ్యూజియంలో బాబాయ్ కూర్చున్న కుర్చీలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. ఆ నల్ల పురుగు ఇప్పటికీ అక్కడే సూదికి గుచ్చి ఉంది, కింద అదే సూదికి పిన్ని పేరు రాసిన చీటీతో. మొన్న బీరువా అడుగు అరలో ఒక పాత పత్రిక దొరికింది. అందులో మా పురుగు బొమ్మ! వీపు మీద దానికి మాత్రమే ఉండే రెండు గుంటలతో సహా. ఎవరో బడిపంతులు బాబాయ్ కన్నా పదకొండేళ్ళ ముందే దాన్ని వర్ణించి, పేరు పెట్టేశాడు. ముందు పెట్టిన పేరే నిలుస్తుంది. అది మా పనిలో తిరుగులేని నియమం.

నాకు ఒళ్ళు మండింది, పంతులు మీద కాదు, నా మీదే. పనిలేక ఆ అర ఎందుకు దులిపానా అని. పత్రిక మళ్ళీ అక్కడే పెట్టేస్తే నరమానవుడికి తెలియదు. రెండు రోజులు పెట్టేశాను కూడా. ముద్ద దిగలేదు. మూడో రోజు దాన్ని సంచిలో వేసుకుని బాబాయ్ ఇంటికి వెళ్ళాను.

బాబాయ్ భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.

"ఇదే. నాకన్నా బాగా గీశాడు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మీ పిన్నికి చెప్పకు" అన్నాడు.

"నాకు చెవుడు లేదు" అంది పిన్ని, గుమ్మంలోంచి. "పాపం, ఇన్నాళ్ళూ ఆ పంతులుగారి పేరు ఎవరూ రాయలేదన్నమాట. రాయండి మరి." లోపలికి వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "నా పేరున్న చీటీ పారేస్తారా అమ్మాయ్?" అంది. ఆ మాట మాత్రం వణికింది.

"మేం ఏ చీటీ పారెయ్యం పిన్నీ. పాతది అలాగే ఉంటుంది. దాని కింద, అదే సూదికి, కొత్తది గుచ్చుతాం."

మర్నాడు బాబాయ్ మ్యూజియానికి వచ్చి కొత్త చీటీ తనే రాశాడు. పంతులు పెట్టిన పేరు, పక్కన ఆయన పేరు. కింద 'గుర్తించినవారు' అన్నచోట నా పేరు రాయబోయాడు.

"నీ పేరు రాసుకో బాబాయ్" అన్నాను. ఆ చీటీలో ఆయనకి కాస్త చోటుండాలని నా ఆశ.

"ముందు చూసింది నువ్వు. ఒకసారి తెలియక ఒకడి పేరు తుడిచాను. ఇప్పుడు తెలిసీ తుడవమంటావా?" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. బాబాయ్ నా పేరు రాసి, పిన్ని చీటీ కింద జాగ్రత్తగా గుచ్చాడు.