మూడు బకెట్ల వీధి

తగువు పాల ప్యాకెట్టు మూల దగ్గర మొదలైంది.

"మూల పూర్తిగా కత్తిరించకండని ఎన్నిసార్లు చెప్పాలి? ఈ ముక్క కూరగాయ తొక్కల్లో పడితే ఏరేదెవరు?" అంది కన్యాకుమారి.

"గోరంత ముక్కకి కొండంత గోలేటి!" కిరాణా కొట్టు తాళాలు అందుకుంటూ భర్త గోవిందరావు నవ్వాడు.

బయట ఈల మోగింది. ఇంటింటి చెత్తా తీసుకెళ్లే జగ్గమ్మ. ఆమె తోపుడు బండి మీద మూడు డబ్బాలు: తడి చెత్తకి పచ్చది, పొడికి నీలం, బ్లేళ్లకీ డైపర్లకీ ఎర్రది.

ఆమదాలవలస బజారు వెనక వీధికి తనదైన శుభ్రత ఒకటుంది. ఎంగిలీ కాగితమూ ఒకే కవర్లో కుక్కి, రెండు ముడులు బిగించి, రెండు వేళ్లతో పట్టుకొచ్చి ఇస్తారు. ఇచ్చే చేయి శుభ్రంగానే ఉంటుంది. ముడి విప్పే చేయి జగ్గమ్మది. ఆ పొద్దున ఎదురింటి గురమ్మ ఇచ్చిన కవరు విప్పుతుంటే, పగిలిన గాజుగ్లాసు ఆ అరచేతిలో దిగింది.

కన్యాకుమారి పాతగుడ్డతో పరిగెత్తింది. ఈలోగా చెత్త ట్రాక్టరు మీద కాంట్రాక్టరు మేస్త్రీ ఎల్లాజీ వచ్చాడు.

"ఇప్పడమెందుకే? మూడు డబ్బాలూ ట్రాక్టర్లో కుమ్మరించీ. పోయేది డంపుకే కదేటి!"

"నాను కలపను బాబూ. డంపు కాడ మళ్లీ ఏరేది మా సెల్లి. దాని సేతులు సేతులు కావేటి?"

"అయితే రేపట్నుంచి రాకు. మనుషులకి కరువొచ్చిందేటి?"

ఏడాదిగా అడిగినా గ్లవ్సు ఇవ్వనివాడు, ఆమె మెళ్లో ఈల మాత్రం లాక్కుపోయాడు. గుమ్మాల్లో నిలబడ్డ వీధంతా చూసింది. 

కన్యాకుమారికి సిగ్గేసింది. నిరుడు ఈ వేళకి తానూ ముడులు బిగించినదే.

మధ్యాహ్నం ఆమె పిలిస్తే అరుగు మీద పదకొండు ఇళ్ల ఆడవాళ్లు చేరారు. మెట్టు కింద కూర్చోబోయిన జగ్గమ్మని కన్యాకుమారి రెక్కపట్టి పైన కూర్చోబెట్టి, చెత్త ఎవరింట్లో వాళ్లే వేరుచేసి ఇద్దామంది.

"మూడు బకెట్లు ఎక్కడెట్టమంటావు? మా వంటింట్లో నానే అడ్డంగా నడుస్తాను!" అంది గురమ్మ. అందరూ నవ్వారు.

"పొడిదానికి బకెట్టక్కర్లేదు వదినా. దొడ్లో మేకుకి గోనెసంచి తగిలించు. పాలకవరు కడిగి ఆరేస్తే వాసనుండదు. గాజు పగిలితే కాగితంలో చుట్టి, గాజని చెప్పి విడిగా ఇవ్వాలి."

"ఇంత సేసినాక ఎల్లాజీ అంతా కలిపీడా?" అంది గురమ్మ.

 కట్టు కట్టిన చేయి ఒళ్లో పెట్టుకుని జగ్గమ్మ చెప్పింది.

"మీరు ఇయ్యకపోతే ఆడేటి కలుపుతాడమ్మా?"

 గురమ్మ లేచింది. "కోసింది నా గాజు. ముందు చెత్త నా గుమ్మంలోనే ఆపుతాను. ఏటి సేస్తాడో సూస్తాను!"

రాత్రి భోజనాల దగ్గర గోవిందరావు చిరాగ్గా అన్నాడు. "చెత్త కాంట్రాక్టరు ఫోన్ చేశాడు. నా స్నేహితుడు. మీ ఆవిడకి చెప్పుకోమన్నాడు."

కన్యాకుమారి పప్పు వడ్డిస్తోంది. ఎదురింట్లోంచి కేక వినిపించింది: "వదినా, గొయ్యి తవ్వాల, పార ఉన్నాదేటి?"

"ఉంది, వచ్చి పట్టుకెళ్లు!" అని అరిచి, ఆమె భర్త వైపు తిరిగింది.

"మీ స్నేహితుడికి మీరే చెప్పండి. రేపట్నుంచి ఈ వీధిలో ఒక్క కాగితమ్ముక్క కూడా ఆయన ట్రాక్టర్లో పడదు. తడిది గోతుల్లో పూడుస్తాం. పొడిది నెల్లాళ్లున్నా కుళ్లదు. జగ్గమ్మ మెళ్లోకి ఈల రావాలి, చేతులకి గ్లవ్సు రావాలి, ట్రాక్టర్లో మూడు అరలు కట్టాలి. అప్పటిదాకా ఇంతే. మీ కొట్టు అట్టపెట్టెలు కూడా మీరివ్వరు."

"నేనెప్పుడన్నాను?"

"నేనంటున్నాను. మజ్జిగ పొయ్యనా?"