మొహమాటం రేటెంత?

టైలరమ్మ ఆ పాత ఇల్లు కొన్న నెలకే దాని కరెంటు బండారం బయటపడింది. కుట్టుమిషన్ మోటారూ ఇస్త్రీపెట్టే ఒకేసారి పెడితే చాలు, ఫ్యూజు టప్పుమనేది. స్విచ్చు వేస్తే నిప్పురవ్వలు. ఎప్పటివో వైర్లు, మొత్తం మార్చాల్సిందేనని చూసినవాళ్ళంతా తేల్చేశారు. ఆమె చేతిలో ఉన్నవి సరిగ్గా అరవై వేలు. అంతకు మించి పుట్టే దారి లేదు. సగం గోడలు పగలగొట్టాక డబ్బులైపోతే ఆ ఇంట్లో ఉండనూ లేరు, కుట్టుపని చేసుకోనూ లేరు. అందుకని గోడమీద సుత్తి పడకముందే మొత్తం ఎంతవుతుందో తెలియాలని పట్టుబట్టి కూర్చుంది.

వచ్చిన కరెంటాయన పనిలో దిట్ట. టేపు పట్టి గోడలన్నీ కొలిచాడు. స్విచ్చుబోర్డు విప్పి వాసన చూశాడు. అటకెక్కి బూజు నెత్తిన పెట్టుకుని దిగాడు. అంతవరకూ బాగానే ఉంది. ఎంతవుతుందని అడిగేసరికి మాత్రం నీళ్ళు నమిలాడు.

“మీ ఇష్టమక్కా. మీకు తెలీందేముంది!”

“నాకు దారాల రేట్లు తెలుసు తమ్ముడూ, వైర్ల రేట్లు తెలీవు. నువ్వే చెప్పాలి.”

“పనయ్యాక మీకు తోచినంత ఇవ్వండి.”

“పక్కవీధిలో మొన్న చేశావటగా, అక్కడెంత తీసుకున్నావు?”

“వాళ్ళకి తోచినంత ఇచ్చారక్కా.”

టైలరమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది. పది వేలనుకోవాలా, లక్షనుకోవాలా? తక్కువిస్తే మనసులో తిట్టుకుంటాడు. ఎక్కువిస్తే ఇల్లు గుల్ల.

ఓ మూల కూర్చుని బఠాణీలు ఒలుస్తున్న అత్తగారు పకపకా నవ్వింది. “ఇన్నాళ్ళకి నీకు సరైనవాడు తగిలాడమ్మా! గౌను కుట్టిచ్చి ‘మీ ఇష్టమండీ’ అంటావే, అచ్చం అలాగే లేదూ?”

టైలరమ్మకు చురుక్కుమంది. పదహారేళ్ళుగా కుడుతోంది. ఆమె కుట్టు చూసి వంక పెట్టినవాళ్ళు లేరు. కానీ ఎంతివ్వాలని అడిగితే నోరు పెగలదు. మొహమాటం అలాంటి జబ్బు, పైగా అది ఉన్నవాళ్ళకు తమ మంచితనంలా కనిపిస్తుంది. పదహారేళ్ళ కష్టం ఈ పాత ఇంటి దగ్గరా, ఆ అరవై వేల దగ్గరా ఆగిపోవడానికి కారణం ఆమెకు తెలియనిదేమీ కాదు.

“ఇదిగో తమ్ముడూ, లెక్క చెప్తేనే పని. లేకపోతే సుత్తి సంచీలో పెట్టేసుకో” అంది.

కరెంటాయన చెవులు ఎర్రబడ్డాయి. “నోటితో చెప్పలేనక్కా. రాసిస్తా” అన్నాడు. ఆమె కటింగు కాగితం ముక్కొకటి ఇచ్చింది. అతను గోడవైపు తిరిగి, పరీక్షలో పక్కవాడు చూస్తాడేమోనన్నట్టు చెయ్యి అడ్డం పెట్టుకుని రాశాడు. లైట్లూ ఫ్యాన్లూ ప్లగ్గులూ కలిపి ముప్పై రెండు పాయింట్లు, పాయింటుకు తొమ్మిది వందల చొప్పున కూలి. వైర్లూ పైపులూ స్విచ్చులూ ముప్పై నాలుగు వేలు. మెయిన్ బోర్డు ఏడున్నర వేలు. ఎర్తు నాలుగు వేల రెండొందలు. కింద గీత గీసి డెబ్బై నాలుగున్నర వేలు. గోడల పూత కూడా ఇందులోనే అని మూలన చీమంత అక్షరాలతో రాశాడు.

ఆమె ముఖం చూడగానే అతను కంగారుపడ్డాడు. “పోనీ, మీ ఇష్ట...”

“మళ్ళీ మొదలుపెట్టకు! ఏది ఆపొచ్చో, ఏది ఆపకూడదో చెప్పు.”

ఇప్పుడతనికి మాట వచ్చింది. కాగితం చేతిలో ఉంటే వేరే మనిషిలా ఉన్నాడు. ఎర్తూ మెయిన్ బోర్డూ ఆపడానికి వీల్లేదన్నాడు. మిషన్‌కూ ఇస్త్రీపెట్టెకూ విడిగా లైను పడాల్సిందే. వెనక గదికి మాత్రం ఇప్పుడు కనెక్షన్ ఇవ్వకుండా ఆపేస్తే, వచ్చే ఏడాది చేయించుకోవచ్చు. దాంతో తొమ్మిదిన్నర వేలు తగ్గి అరవై అయిదు దగ్గర నిలిచింది. ఇంకా అయిదు వేలు తక్కువ.

అంతలో కర్టెన్ల కోసం టీచరుగారు వచ్చారు. రిటైరైనా గొంతులో బెత్తం పోలేదు. పన్నెండు కర్టెన్లూ విప్పి చూసి, మెచ్చుకుని, పర్సు తీశారు. “ఎంతమ్మా?”

“మీ” అన్నది పెదవులదాకా వచ్చేసింది. టైలరమ్మ దాన్ని మింగేసింది. చేతిలో కరెంటాయన కాగితం నలుగుతోంది.

“పన్నెండు కర్టెన్లండీ. ఒక్కోదానికి మూడొందల యాభై. నాలుగు వేల రెండొందలు” అంది. అనేసి, మడతపెట్టిన కర్టెన్లనే మళ్ళీ మడతపెట్టసాగింది. నిచ్చెన పక్కన కరెంటాయన తల తిప్పి చూశాడు.

టీచరుగారు కుర్చీలో కూలబడ్డారు. “హమ్మయ్య! ఇన్నేళ్ళకి నోరు విప్పావు. నీకు తక్కువిచ్చానేమోనని ఇంటికెళ్ళాక నాకు నిద్రపట్టేది కాదు. ఆ గొడవ పడలేక మొన్న మనవరాలి గౌను వేరేచోట కుట్టించాను, తెలుసా? నీకన్నా బాగా కుడతారని కాదమ్మా. వాళ్ళు రేటు చెప్తారని.”

టైలరమ్మకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇన్నాళ్ళూ అందరినీ మంచి చేసుకుంటున్నాననుకుంది. వచ్చినవాళ్ళను ఇబ్బంది పెట్టి పంపిస్తున్నానని ఒక్కసారీ తోచలేదు. ఆ ఇబ్బంది ఏమిటో ఈ పొద్దున్నే తనకూ బాగా తెలిసింది.

టీచరుగారు నాలుగు వేల రెండొందలూ లెక్కపెట్టి ఇచ్చి, సంతోషంగా వెళ్ళిపోయారు.

“ఇంకా ఎనిమిది వందలు తక్కువేగా” అంది అత్తగారు, బఠాణీల మీంచి తల ఎత్తకుండా. “నా దగ్గరున్నాయి. కాపరానికొచ్చిన దగ్గర్నుంచి నన్ను ఒక్కటీ అడిగినదానివి కాదు.”

టైలరమ్మ చెయ్యి చాపింది. “ఎనిమిది వందలివ్వండి అత్తయ్యా.”

అత్తగారు ఇచ్చింది. టైలరమ్మ కరెంటాయన వైపు తిరిగి, గోడ కొట్టమంది.